ప్లగిన్‌లను దేనిని బట్టి వేరు చేయాలి: జీస్ట్రీమర్ చూపిన దారి

ఆడియో, వీడియో సాఫ్ట్‌వేర్‌కు ఆధారంగా నిలిచే జీస్ట్రీమర్‌లో, ఫైలు చదవడం మొదలుకొని తెరపై బొమ్మ చూపడం వరకు ప్రతి పనీ ప్లగిన్‌లే, అంటే అవసరాన్ని బట్టి జతచేసే చిన్న చిన్న కోడ్ భాగాలే, చేస్తాయి. ఇన్ని ప్లగిన్‌లను సర్దవలసి వస్తే ఎవరికైనా మొదట తోచేది ఆడియో ఒకవైపు, వీడియో ఒకవైపు, నెట్‌వర్క్ మరొకవైపు పెట్టడమే. జీస్ట్రీమర్ నిర్వాహకులు అలా చేయలేదు. ఒక ప్లగిన్‌ను ఎంతవరకు నమ్మవచ్చు, దానిని నిశ్చింతగా ఇతరులకు పంచవచ్చా అనే రెండు ప్రశ్నలను బట్టి బేస్ (ప్రాథమికమైనవి), గుడ్ (నమ్మదగినవి, నిశ్చింతగా పంచగలిగినవి), అగ్లీ (బాగున్నా పంచడంలో చిక్కులున్నవి), బ్యాడ్ (ఇంకా ఆ స్థాయికి రానివి) అని విడదీశారు. ఇదే సరైన పద్ధతి అని నా దృఢమైన అభిప్రాయం.

ఉదాహరణకు హెచ్.264 అనే కుదింపు ఫార్మాట్‌లో వీడియోను తయారుచేసే ఎక్స్264 ప్లగిన్ నాణ్యతలో ఎవరికీ తీసిపోదు. అయినా దాని వెనుక ఉన్న లైబ్రరీ జీపీఎల్ లైసెన్సుది (దాన్ని కలిపి పంచేవారు తమ కోడ్‌నూ అవే షరతులపై ఇవ్వాలి) కావడం, ఆ ఫార్మాట్‌కు పేటెంట్ల చిక్కు ఉండడం వల్ల అది అగ్లీలో ఉంటుంది. దీనివల్ల లినక్స్‌ను ప్యాకేజీలుగా కట్టి అందించేవారు తమ దేశపు చట్టాలకు తగినట్టు అగ్లీని మొత్తంగా పక్కన పెట్టి, బేస్, గుడ్‌లను యథాతథంగా తీసుకోవచ్చు. బ్యాడ్ సంగతి వేరు. కోడ్ సమీక్షో, డాక్యుమెంటేషనో, పరీక్షలో, బాధ్యత తీసుకునే మనిషో, ఏదో ఒకటి ఇంకా కొరవడిన ప్లగిన్‌లు అందులో ఉంటాయి. అంటే ఏమి పూర్తిచేస్తే పైకి వెళ్లవచ్చో కొత్తగా చేరిన ప్రోగ్రామర్‌కు ముందే తెలుస్తుంది.

ఈ గోడలు శాశ్వతమైనవి కావు. ఎంపీ3 పేటెంట్ల గడువు తీరిన తర్వాత, 2018లో వచ్చిన 1.14 వెర్షన్‌లో, ఎంపీ3ని వినిపించే ఎంపీజీ123, ఎంపీ3ని తయారుచేసే లేమ్ ప్లగిన్‌లు అగ్లీ నుంచి గుడ్‌కు మారాయి. 2022లో 1.20 వెర్షన్ వచ్చేసరికి ఈ వర్గాల కోడ్‌ను విడివిడిగా దాచిన రిపాజిటరీలు ఒకే గిట్ రిపాజిటరీగా కలిసిపోయాయి. విడుదల ప్యాకేజీలు మాత్రం విడివిడిగానే కొనసాగాయి. అభివృద్ధి చేసేవారి సౌకర్యాన్నీ పంచేవారి అవసరాన్నీ ఒకదానికొకటి అడ్డు రాకుండా చూసిన ఈ నిర్ణయం నాకు ఎంతో నచ్చింది.

మరి పనిని బట్టి చేసే వర్గీకరణ ఏమైంది? అది ప్లగిన్ లోపలే ఉంది. ప్లగిన్ వివరాలు చూపే జీఎస్‌టీ-ఇన్‌స్పెక్ట్-1.0 ఆదేశానికి, పైన చెప్పిన ఎక్స్264 ప్లగిన్‌లోని ఎక్స్264ఎన్‌క్ పేరు ఇచ్చి చూస్తే, "క్లాస్" అన్న చోట కోడెక్, ఎన్‌కోడర్, వీడియో అని, "సోర్స్ మాడ్యూల్" అన్న చోట అగ్లీ అని, "ర్యాంక్" అన్న చోట ప్రైమరీ 256 అని కనిపిస్తుంది. ఒకే పనికి రెండు మూడు ప్లగిన్‌లు పోటీపడినప్పుడు ఎక్కువ ర్యాంక్ ఉన్నదానికే ముందుగా అవకాశం దక్కుతుంది, 1.18 నుంచి ఆ ర్యాంకును ఎన్విరాన్‌మెంట్ వేరియబుల్‌తో (ప్రోగ్రామ్ నడిపే ముందు బయటి నుంచి ఇచ్చే అమరికతో) మార్చుకొనే వీలు వాడుకరికే ఇచ్చారు. తమ ప్రాజెక్టులో ప్లగిన్‌లు పెరుగుతున్నాయని ఫోల్డర్లు మార్చబోయేవారు, ముందుగా ఇటువంటి వివరాలను ప్రతి ప్లగిన్‌లోనూ నమోదు చేయడం మొదలుపెట్టాలి.