మేనమామను కూడా పిలవండి

న్యూజిలాండ్‌లోని దక్షిణ ఆక్లాండ్‌లో, తప్పు చేసిన పిల్లవాడి గురించి మాట్లాడుకునే సమావేశానికి ఆ దేశపు మూలవాసులైన మావోరీల కుటుంబం వస్తోందంటే ముందే అదనపు కుర్చీలు వేయించాలి. అమ్మమ్మ, తాతయ్య, పిన్నులు, పెదనాన్నలు, వాళ్ల పిల్లలు, చంకలో చంటిబిడ్డతో సహా అందరూ వచ్చేస్తారు. పసిఫిక్ దీవులైన సమోవా, టోంగాల కుటుంబాలైతే చర్చి పెద్ద కూడా వెంట ఉంటారు. మన తెలుగువాళ్లు వచ్చిన రోజు వేసిన కుర్చీలే మిగిలిపోతాయి. తండ్రి, తల్లి, తల దించుకున్న పిల్లవాడు. ఆ ముగ్గురే.

నేను ఇక్కడ ఒక స్వచ్ఛంద సంస్థలో సోషల్ వర్కర్‌ని. తప్పుదారి పట్టిన పిల్లలను కోర్టు గుమ్మం తొక్కనివ్వకుండా, కుటుంబంతో కలిసి వేరే దారి వెతకడం మా పని. విశాఖలో చదివిన డిగ్రీని ఇక్కడి రిజిస్ట్రేషన్ బోర్డు పరిశీలించి ఒప్పుకున్నాకే ఈ ఉద్యోగం దొరికింది. ఆ కాగితాల కథ విదేశాలకు వచ్చిన ప్రతి నర్సుకూ, ప్రతి టీచరుకూ తెలిసిందే కనుక దాన్ని వదిలేస్తాను.

ఈ పనికి ఆధారం 1989లో న్యూజిలాండ్ చేసిన ఒక చట్టం. ఇప్పుడు దాన్ని ఒరంగ తమారికి (మావోరీలో పిల్లల క్షేమం అని అర్థం) చట్టం అంటున్నారు. అంతకు ముందు, జాన్ రంగిహౌ అధ్యక్షతన ఏర్పడిన కమిటీ 1988లో వెలువడిన తన నివేదికలో సాంఘిక సంక్షేమ శాఖను గట్టిగా తప్పుపట్టింది. మావోరీ పిల్లల గురించిన నిర్ణయాలన్నీ వాళ్ల బంధువర్గాన్ని అడగకుండానే జరిగిపోతున్నాయని, పిల్లలు తమవారికి కాకుండా పోతున్నారని చెప్పింది. ఆ తర్వాత వచ్చిన చట్టం నిర్ణయంలో మొదటి చోటు కుటుంబానికిచ్చింది. 208వ సెక్షన్‌లో ఒక సూత్రం ఉంది: ప్రజాప్రయోజనం కోసం తప్పనిసరైతే తప్ప, వేరే మార్గం ఉండగా పిల్లలపై క్రిమినల్ కేసు పెట్టకూడదు. మన దేశంలో 2015 నాటి బాలల న్యాయ చట్టంలోనూ ఇలాంటి సూత్రమే కనిపిస్తుంది. ఇక్కడ తేడా ఏమిటంటే, ఆ మాటను రోజువారీ పనిగా మార్చడానికి జీతాలిచ్చి మనుషులను పెట్టారు.

పోలీసుల్లోనే యూత్ ఎయిడ్ అనే విభాగం ఉంది. చిన్న తప్పయితే ఆ అధికారి ఇంటికి వచ్చి హెచ్చరించి వెళతాడు. కొంచెం పెద్దదైతే కుటుంబంతో కూర్చుని ఒక ఒప్పందం రాస్తాడు: క్షమాపణ ఉత్తరం, నష్టపరిహారం, కొన్ని గంటల సామాజిక సేవ, బడికి క్రమంగా వెళ్లడం. అవి పూర్తయితే కోర్టు ప్రసక్తే లేదు. అంతకన్నా తీవ్రమైతే ఫ్యామిలీ గ్రూప్ కాన్ఫరెన్స్, అంటే కుటుంబ సమావేశం. అరెస్టు కాని పిల్లవాడిపై కేసు పెట్టాలని పోలీసులు అనుకున్నా ముందు ఈ సమావేశం జరగాల్సిందే. కేసు యూత్ కోర్టుకు వెళ్లాక కూడా, పిల్లవాడు ఒప్పుకున్న పనులన్నీ చేస్తే 282వ సెక్షన్ కింద అసలు కేసే పెట్టనట్టుగా కొట్టివేసే అధికారం జడ్జికి ఉంది. 2019 జూలై నుంచి పదిహేడేళ్ల పిల్లలను కూడా, కొన్ని తీవ్ర నేరాలు మినహా, ఈ వ్యవస్థలోకే తెచ్చారు.

ఇదంతా చెబితే మన స్నేహితుల్లో చాలామందికి కోపం వస్తుంది. ఆ కోపం నాకు అర్థమవుతుంది. ఆక్లాండ్ వీధుల్లోని చిన్న కిరాణా దుకాణాల్లో ఎన్నో భారతీయ కుటుంబాలవి. 2022 ప్రాంతంలో పిల్లలు దొంగిలించిన కార్లతో దుకాణాల ముందు భాగాన్ని గుద్ది లోపలికి చొరబడి సిగరెట్లు, డబ్బు ఎత్తుకుపోతుంటే, తెల్లవారాక గాజుముక్కలు ఊడ్చుకున్నది వాళ్లే. "పట్టుకుంటారు, వదిలేస్తారు" అని ఒక దుకాణదారు నాతో అన్నాడు. వదిలేయడం అంటే ఏమిటో ఆయనకు ఎవరూ చూపించలేదు. సమావేశానికి రమ్మని ఆయనకు అందింది ఒక ఉత్తరం మాత్రమే, అదీ దుకాణం తెరిచి ఉండే వేళకు. ఈ వ్యవస్థలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే. బాధితుడు ఎదురుగా లేని సమావేశంలో పిల్లవాడు చెప్పే క్షమాపణ గాలికి పోతుంది. ఆయన రాగలిగే వేళకు, రాగలిగే చోట సమావేశం పెట్టడం ఖర్చుతో కూడిన పని. ఆ ఖర్చు పెట్టి తీరాలి.

ఒక సమావేశం గురించి చెబుతాను. అక్కడి మాటలను ప్రచురించడం చట్టరీత్యా నిషిద్ధం కనుక ఎవరూ గుర్తుపట్టలేనంతగా వివరాలు మార్చాను.

పిల్లవాడికి పదిహేనేళ్లు, తెలుగు కుటుంబం. తండ్రి గోదాములో రాత్రి షిఫ్టు, తల్లి వృద్ధాశ్రమంలో పగటి షిఫ్టు. ఇద్దరూ ఒకరికొకరు తలుపు దగ్గర ఎదురుపడే కాపురం. బడి మానేసి తిరిగే ఇద్దరు కుర్రాళ్లతో కలిసి ఈ పిల్లవాడు ఒక మాజ్డా డెమియో కారును ఎత్తుకెళ్లి రాత్రంతా తిప్పి, కంచెకు గుద్ది వదిలేశాడు. నేను మొదటిసారి ఇంటికి వెళ్లినప్పుడు తల్లి టీ ఇచ్చి అడిగిన మొదటి ప్రశ్న కొడుకు గురించి కాదు. "అక్కా, ఈ విషయం అసోసియేషన్‌లో ఎవరికీ తెలియదు కదా?"

తెలియదని, తెలియనివ్వనని చెప్పాను. తర్వాత, సమావేశానికి ఎవరెవరిని పిలుద్దామని అడిగాను. "మాకు ఇక్కడ ఎవరూ లేరండి" అన్నాడు తండ్రి. నిజమే, రక్తసంబంధీకులు ఎవరూ లేరు. ఊళ్లో వాళ్లకు చెబుదామా అంటే, కొడుకు ఫస్టు ర్యాంకు తెచ్చుకున్నాడని చెప్పుకుంటున్న ఇంట్లో ఈ మాట ఎలా చెబుతారు? అంతసేపూ మాట్లాడని పిల్లవాడు అప్పుడు నోరు విప్పాడు. "చిన్న మామయ్యను పిలవచ్చా?"

తల్లి ఏడ్చింది. రెండు రోజుల తర్వాత ఫోను చేసి సరేనంది.

ఇక్కడ సాయంత్రం నాలుగు, విజయనగరంలో ఉదయం తొమ్మిదిన్నర. బల్ల మీద ట్యాబ్లెట్ నిలబెట్టాం. అందులో ఇస్త్రీ చొక్కా వేసుకుని, తల తడిగా దువ్వుకుని మేనమామ కూర్చున్నాడు. ఒకవైపు యూత్ ఎయిడ్ అధికారి, సమావేశం నడిపే సమన్వయకర్త, నేను. మరోవైపు కారు యజమానురాలు, పక్కన ఆమె చెల్లెలు. ఆమె సమోవా మహిళ, తెల్లవారుజామున ఆఫీసులు శుభ్రం చేసే ఉద్యోగం. పోలీసు అధికారి జరిగిందంతా చదివాక, మేనమామ తెలుగులో పిల్లవాడినే అడిగాడు. "నాన్నా, మరునాడు ఆవిడ పనికి ఎలా వెళ్లింది?"

పిల్లవాడికి తెలియదు. నేను ఆ ప్రశ్నను ఇంగ్లీషులో చెప్పాను. ఆమె జవాబు చెప్పింది. ఆ వేళకు బస్సు లేదు, మొదటి వారం టాక్సీకి పెట్టింది, రెండో వారం షిఫ్టు వదులుకుంది. బీమా లేదు. కోపంగా చెప్పలేదు, లెక్క చెప్పినట్టు చెప్పింది. అధికారి చదివిన కాగితంలో ఈ సంగతులేవీ లేవు. ఆ తర్వాత పిల్లవాడు తల ఎత్తి ఆమె వైపు చూసి మాట్లాడాడు.

తర్వాత మేమందరం బయటికి వచ్చేశాం. కుటుంబానికి తమలో తాము మాట్లాడుకునే ఏకాంతం ఇవ్వాలని చట్టమే చెబుతుంది. ప్రభుత్వోద్యోగులు లేచి వెళ్లి నడవాలో నిలబడితే లోపల కుటుంబం నిర్ణయిస్తుంది. ఈ ఉద్యోగంలో నేను ఎక్కువగా గౌరవించేది ఈ ఘట్టాన్నే. మన పెద్దమనుషుల పంచాయితీతో దీన్ని పోల్చేవాళ్లున్నారు. నేను ఒప్పుకోను. అక్కడ తీర్పు బయటి పెద్దలది, పిల్లవాడు చేతులు కట్టుకుని వింటాడు. ఇక్కడ పిల్లవాడు మాట్లాడకపోతే పని జరగదు, కుదిరిన ఒప్పందానికి బాధితురాలు, పోలీసు కూడా ఒప్పుకోవాలి.

గంట తర్వాత తలుపు తీశారు. పరిహారం విడతలుగా, అందులో కొంత పిల్లవాడు శనివారాలు సంపాదించి ఇవ్వాలి. చర్చి వాళ్ల ఆహార పంపిణీలో సేవ. తండ్రి పగటి షిఫ్టుకు దరఖాస్తు పెట్టాలి. ప్రతి ఆదివారం మేనమామతో మాట్లాడాలి. చివరిది వాళ్లంతట వాళ్లే రాసుకున్నారు. సమన్వయకర్త దాన్నీ మిగతా షరతుల పక్కనే టైపు చేసింది.

అసలు పని ఆ తర్వాత మొదలవుతుంది, నిధులు తగ్గేదీ అక్కడే. కాగితం మీద ఎంత మంచి ఒప్పందం ఉన్నా పొద్దున్నే ఫోను చేసి లేపేవాళ్లు, బడిలో మళ్లీ చేర్చుకోమని వాదించేవాళ్లు, షిఫ్టు మార్చమని యజమానికి ఉత్తరం రాసిచ్చేవాళ్లు లేకపోతే అది నెలలో చిరిగిపోతుంది. 2022 చివర్లో దక్షిణ, పశ్చిమ ఆక్లాండ్‌లలో ఒక మంచి మార్పు తెచ్చారు. చిన్నపిల్లలు నేరం చేసి దొరికితే ఒకటి రెండు రోజుల్లోనే పోలీసులు, పిల్లల సంక్షేమం చూసే ప్రభుత్వ శాఖ, స్థానిక సంస్థలు మాట్లాడుకుని కుటుంబాన్ని కలవడం మొదలైంది. వారాల తరబడి ఫైలు కదలని రోజుల్లో పిల్లవాడు మళ్లీ మళ్లీ దొరికిపోయేవాడు.

పిల్లలను ఇంటికి దూరంగా ఉంచి బాగుచేయాలనే ఆలోచనకు ఈ దేశంలో పాత చరిత్ర ఉంది. 1950 నుంచి 2019 వరకు ప్రభుత్వ, మత సంస్థల సంరక్షణలో ఉన్న సుమారు 6,55,000 మందిలో 2,00,000 మంది వేధింపులకు గురయ్యారని ప్రభుత్వం వేసిన విచారణ సంఘం, రాయల్ కమిషన్, అంచనా వేసింది. ఆ తుది నివేదిక 2024 జూలైలో పార్లమెంటు ముందుకు వచ్చింది. అదే నెలలో పాల్మర్‌స్టన్ నార్త్ అనే ఊళ్లో పది మంది కుర్రాళ్లతో సైనిక తరహా శిక్షణా శిబిరం ప్రయోగాత్మకంగా మొదలైంది. శిబిరంలో క్రమశిక్షణ వస్తుందేమో. కాని పిల్లవాడు తిరిగి వచ్చేది అదే ఇంటికి, అదే వీధికి. ఆ డబ్బు ఇంటి చుట్టూ ఖర్చు పెట్టాలన్నది నా గట్టి అభిప్రాయం.

శిబిరాలకు భిన్నమైన ప్రయత్నాలు కూడా ఇక్కడే ఉన్నాయి. 2008లో గిస్బోర్న్‌లోని ఒక మరాయెలో, అంటే మావోరీల సమావేశ ప్రాంగణంలో, మొదటి రంగతహి కోర్టు, అంటే మావోరీ పద్ధతిలో నడిచే యూత్ కోర్టు, పెట్టారు. 2010లో దక్షిణ ఆక్లాండ్‌లోని మాంగెరేలో పసిఫిక్ దీవుల పిల్లల కోసం అలాంటిదే వచ్చింది. మరాయెలో పిల్లవాడు తన కొండ, తన నది, తన పూర్వీకుల పేర్లు చెప్పుకుని నిలబడతాడు. పెద్దలు జడ్జి పక్కనే కూర్చుంటారు. తనవాళ్ల ముందు సిగ్గుపడటానికి, తనవాళ్ల తోడు దొరకడానికి మధ్య ఉన్న తేడాను అక్కడ చూశాను.

మన కుటుంబాలకు ఆ తోడు సముద్రాల అవతల ఉండిపోయింది. ఉన్న కొద్దిమందికీ పరువు కోసం చెప్పుకోరు. ఉగాదికి, బతుకమ్మకు వందల మంది ఒక హాల్లో చేరతాం. అందులో నలుగురైదుగురు చాలు: మాట బయటికి పొక్కనివ్వనివాళ్లు, మార్కుల గురించి అడగనివాళ్లు, ఒక సాయంత్రం ఆ మిగిలిన కుర్చీల్లో కూర్చోగలవాళ్లు. పిల్లలున్న చోటికి క్రమంగా వచ్చేవారికి మా సంస్థ పోలీసుల ద్వారా నేపథ్య తనిఖీ చేయిస్తుంది, గోప్యత గురించి శిక్షణ ఇస్తుంది. దానికి కొంత వ్యవధి పడుతుంది కనుక పిల్లవాడు దొరికిపోయిన వారంలో మొదలుపెడితే అందదు. తెలుగు సంఘాల కార్యవర్గాలను నేను అడుగుతున్నది, ఆ పేర్లు ఇప్పుడే ఇమ్మని.