ఉమ్మి, బురద, చేట

యోహాను సువార్త తొమ్మిదో అధ్యాయం ఎప్పుడు చదివినా ఆరో వచనం దగ్గర ఆగిపోతాను. పుట్టుకతోనే చూపు లేని మనిషి ఎదురుగా ఉన్నాడు. యేసుప్రభువు నేల మీద ఉమ్మి వేసి, ఆ ఉమ్మితో బురద చేసి, అతని కళ్లకు పూసి, సిలోయము కోనేటికి వెళ్లి కడుక్కోమన్నాడు. ఒక్క మాటతో తుఫానును అణచినవాడికి ఈ ఉమ్మి ఎందుకు, ఈ మట్టి ఎందుకు అని చిన్నప్పుడు అనిపించేది. మట్టితో ఆదామును చేసిన చేతులే ఇవి అని ప్రసంగాల్లో విన్నాను. అది మంచి మాటే. కానీ నాకు ఈ వచనం తలుపు తెరిచింది మాత్రం ఒక బడి పంతులమ్మ. ఆమె పేరు చియెకో ఒకాజాకి.

ఆమె యేసు క్రీస్తు యొక్క కడవరి దిన పరిశుద్ధుల సంఘానికి, అంటే మనం మోర్మన్ సంఘం అనేదానికి చెందిన మనిషి. నేను ఆ సంఘంలో లేను. వాళ్ల బోధలో నేను ఒప్పుకోలేనివి ఉన్నాయి, ఆ సంగతి దాచను. అయినా ఆమె జీవితం తెలిసిన దగ్గర్నుంచి ఈ అధ్యాయాన్ని ఆమె లేకుండా చదవలేకపోతున్నాను.

1992 ఏప్రిల్‌లో అమెరికాలో యూటా రాష్ట్రంలోని సాల్ట్ లేక్ సిటీలో వాళ్ల సర్వసభ్య సమావేశం జరిగింది. అక్కడ ఆమె తీసుకున్న వచనం ఇదే. ఆమె చెప్పినదాని సారం ఇంతే: ప్రభువు ఎక్కడి నుంచో మందు తెప్పించలేదు, కాలి కింద ఏముందో దానితోనే పని చేశాడు. దానికి ఆమె ఒక జపనీస్ మాట జత చేశారు. కిగాత్సుకు. ఎవరూ చెప్పకుండానే ఏం అవసరమో గమనించి, లేచి ఆ పని చేసే గుణం అది. ఆమె చిన్నపిల్లగా ఉన్నప్పుడు తల్లి ఇల్లు ఊడుస్తూ, కిగాత్సుకు ఉన్న పిల్ల అయితే ఇప్పుడు ఏం చేస్తుంది అని అడిగేదట. పాప పరిగెత్తుకెళ్లి చెత్త ఎత్తే చేట పట్టుకునేది.

ఈ మాటకు తెలుగులో ఏమనాలా అని చాలా రోజులు వెతికాను. ‘కనిపెట్టుకుని ఉండడం’ అని తట్టిన రోజు నాకు కలిగిన ఆనందం ఇంతా అంతా కాదు. మంచాన పడ్డ అత్తగారిని కోడలు కనిపెట్టుకుని ఉంది అంటాం కదా. ఆమె నోరు తెరిచి అడగకముందే నీళ్ల గ్లాసు అందుతుంది, దిండు సర్దుతుంది. అదే మాట మన బైబిల్లోనూ ఉంది. 27వ కీర్తన చివర యెహోవా కొరకు కనిపెట్టుకొని యుండుము అంటాడు కీర్తనకారుడు. ఇన్నేళ్లూ దాన్ని ఊరికే ఎదురుచూడడం అనుకున్నాను. చేతులు ముడుచుకుని కూర్చోవడం అనుకున్నాను. కానీ కనిపెట్టుకుని ఉన్న మనిషి ఖాళీగా ఉండదు. ఆమె కళ్లు తెరిచే ఉంటాయి, చేతులు సిద్ధంగా ఉంటాయి.

చియెకో 1926లో హవాయి పెద్ద దీవిలోని కొహాలాలో పుట్టారు. తల్లిదండ్రులు చెరకు తోటల్లో కష్టపడి బతికిన జపనీయులు, బౌద్ధులు. పదిహేనేళ్ల వయసులో ఆమె బాప్తిస్మం తీసుకున్నారు. దాదాపు ఆ రోజుల్లోనే, 1941 డిసెంబర్ 7న, జపాన్ విమానాలు హవాయిలోని పెర్ల్ హార్బర్ మీద బాంబులు వేశాయి. జపనీస్ ముఖంతో అక్కడ బతకడం అప్పటి నుంచి ఎంత కష్టమో ఊహించుకోవచ్చు. హవాయి విశ్వవిద్యాలయంలో చదివి టీచరయ్యారు. 1949లో ఎడ్వర్డ్ ఒకాజాకిని పెళ్లి చేసుకున్నారు. ఆయన జపనీస్ అమెరికన్ల 442వ రెజిమెంట్‌లో యుద్ధం చేసిన సైనికుడు.

1951లో ఆయన చదువు కోసం సాల్ట్ లేక్ సిటీ వచ్చారు. యుద్ధం ముగిసి ఆరేళ్లే. ఆమెకు రెండో తరగతి ఇచ్చారు. బడి ఇంకా మొదలుకాకముందే ముగ్గురు తల్లులు తమ పిల్లల్ని ఆ జపాన్ టీచర్ దగ్గర ఉంచవద్దని అడిగారు. నేను ఆమె స్థానంలో ఉంటే ఆ రాత్రి ఏడ్చి, తెల్లారి ఎవరి కంటా పడని రంగు చీర కట్టుకుని వెళ్లేదాన్ని. ఆమె మెరిసిపోయే ముదురు గులాబీ రంగు గౌను వేసుకుని, హవాయి అమ్మాయిల్లా జుట్టులో పువ్వు పెట్టుకుని వెళ్లారు. దాచాల్సినదేమీ లేదన్నట్టు పిల్లల ముందు నిలబడ్డారు. పిల్లలు ఆమెను అంటిపెట్టుకుపోయారు. కొద్దిరోజులకే ఆ ముగ్గురు తల్లులు మా పిల్లల్ని మళ్లీ ఆ క్లాసులోనే వేయండి అని వచ్చారు. అవకాశం అయిపోయింది అని ప్రిన్సిపాల్ ఒప్పుకోలేదు.

ఆ పువ్వు నాకు బురదలాగే కనిపిస్తుంది. ఆమె దగ్గర అప్పుడు ఉన్నది ఆ ముఖం, ఆ దీవి, ఆ పువ్వు. ఏది తనకు అడ్డం అని లోకం అనుకుందో దాన్నే దేవుడు చేతిలోకి తీసుకున్నాడు.

తర్వాత ఆ కుటుంబం కొలరాడోకు మారింది. అక్కడ ఆమె టీచరుగా, ఆపై ప్రిన్సిపాల్‌గా పనిచేశారు. 1968 నుంచి 1971 వరకు భర్త జపాన్-ఒకినావా మిషన్ అధ్యక్షుడిగా ఉంటే, ఆమె ఆయన పక్కనే నిలిచి సేవ చేశారు. ఇలాంటిచోట పదవి భర్త పేరున ఉంటుంది. దూరం నుంచి వచ్చిన కుర్ర మిషనరీలకు అన్నం తిన్నావా, ఇంటికి ఉత్తరం రాశావా అని అడిగే పని భార్యది. మన పాస్టరమ్మలను చూసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పక్కర్లేదు. వాళ్ల పేర్లు కరపత్రాల మీద చిన్న అక్షరాల్లో కూడా పడవు.

1990లో ఆమె పేరు పెద్ద అక్షరాల్లోనే పడింది. వాళ్ల సంఘంలో స్త్రీల కోసం 1842లో మొదలైన రిలీఫ్ సొసైటీ ప్రధాన అధ్యక్షవర్గంలో ఆమె మొదటి సలహాదారు అయ్యారు. 1997 వరకు ఆ బాధ్యతలో ఉన్నారు. సభల్లో ఎవరూ నోరెత్తని విషయాలు, ముఖ్యంగా చిన్నతనంలో లైంగిక హింసకు గురైనవారి గాయం గురించి, ఆమె బహిరంగంగా మాట్లాడారు. ఎందరు స్త్రీలు ఆ మాటలు విని ఊపిరి పీల్చుకున్నారో దేవుడికే తెలుసు. ఆ సేవ మధ్యలోనే, 1992లో, భర్త పోయారు. ఆమె పని ఆపలేదు. 2011లో కన్నుమూశారు.

1996లో ఆమె చెప్పిన పండ్ల పోలిక కూడా నాకిష్టం. యూటాలో పండ్లను సీసాల్లో నిలవ చేస్తారు, హవాయిలో ఏడాది పొడవునా దొరుకుతాయి కాబట్టి బుట్టల్లో పెడతారు. పాత్ర వేరు, పండు ఒకటే. ఆ సంఘానికి భారతదేశంలో మొదటి స్టేక్, అంటే కొన్ని స్థానిక సంఘాల సమూహం, 2012లో ఏర్పడింది మన హైదరాబాద్‌లోనే. అక్కడి అక్కచెల్లెళ్లకు ఈ పోలిక మరెవరికన్నా బాగా అర్థమవుతుంది అనుకుంటాను.

మళ్లీ వచనానికి వస్తాను. ఆ రోజు విశ్రాంతి దినం. బురద కలపడమూ పనే అని పరిసయ్యులు తప్పుపట్టారు. కళ్లకు బురద పూసిన మనిషికి వెంటనే చూపు రాలేదు. ముందు ముఖం నిండా మట్టి వచ్చింది. అలాగే వీధుల్లో నడిచి కోనేటి దాకా వెళ్లాలి. సిలోయము అంటే ‘పంపబడినవాడు’ అని యోహాను అర్థం కూడా చెప్పాడు.

మొన్న ఆదివారం సండే స్కూల్లో ఈ కథ చెబుతుంటే ఒక బాబు లేచి, ‘‘టీచర్, కళ్లకు బురద ఉంటే దారి ఎలా తెలిసింది?’’ అన్నాడు. నేను జవాబు వెతుక్కునేలోపే వెనక వరసలోంచి ఒక చిన్నపాప, ‘‘ఎవరో చూసి చెయ్యి పట్టుకుని తీసుకెళ్లుంటారు’’ అంది.