బ్యాక్టీరియా బతికుందో లేదో రంగే చెప్పాలి

మందు దెబ్బకి బ్యాక్టీరియా ఎంత మిగిలిందో ల్యాబ్‌లో తేల్చాలంటే అగార్ ప్లేటు (బ్యాక్టీరియా పెరిగే జెల్లీ పళ్లెం) మీద పూసి, మర్నాడు కాలనీలు, అంటే మొలిచిన గుంపులు, లెక్కపెడతాం. మనిషి లేని ఉపగ్రహంలో పూసేదెవరు? ఎక్యామ్‌శాట్ అనే ఉపగ్రహంలో ఆ పని అలమార్ బ్లూ అనే రంగుకి అప్పజెప్పారు.

నాసా ఏమ్స్ పరిశోధనా కేంద్రం, స్టాన్‌ఫర్డ్ వైద్య విభాగం కలిసి చేసిన 6యూ క్యూబ్‌శాట్ (ఆరు చిన్న ఘనాలు కలిపినంత బుల్లి ఉపగ్రహం) ఇది, పెద్ద చెప్పుల డబ్బా అంత ఉంటుంది. 2017 నవంబరులో అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రం (ఐఎస్‌ఎస్) నుంచి కక్ష్యలోకి వదిలారు. లోపల మూత్రనాళానికి ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ.కోలై రెండు రకాలు: ఒకటి మామూలుది, ఇంకోటి ఆర్‌పీఓఎస్ జన్యువు తీసేసింది. ఆకలికీ ఒత్తిడికీ తట్టుకునే ఏర్పాట్లని నడిపేది ఆ జన్యువే.

బ్యాక్టీరియాని ఉంచే పలకలాంటి కార్డులో 48 చిన్న గుంటలు. ముందు పోషక ద్రవం పోసి 37 డిగ్రీల దగ్గర పెంచుతారు. తిండి అయిపోయి పెరుగుదల ఆగాక జెంటామైసిన్ అనే యాంటీబయాటిక్ మందుని పంపు చేస్తారు. కొన్ని గుంటలకి మందే ఉండదు, మిగతావాటికి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ మోతాదులు. ఆ తర్వాత రంగు. గుంటకి అటూ ఇటూ ఉన్న సన్నటి ఫిల్టరు ద్రవాన్ని పోనిస్తుంది, కణాల్ని పోనివ్వదు. అది లేకపోతే మందుతో పాటు బ్యాక్టీరియా కూడా కొట్టుకుపోతుంది, లెక్క మొత్తం తప్పుతుంది.

బతికున్న కణాలు నీలాన్ని గులాబీగా మారుస్తాయి. ప్రతి గుంట మీదా మూడు ఎల్‌ఈడీలు: 615 నానోమీటర్ల తరంగదైర్ఘ్యం ఉన్నది నీలం ఎంత మిగిలిందో, 525 గులాబీ ఎంత వచ్చిందో, 470 ద్రవం ఎంత మసకబారిందో చూస్తాయి.

ఇలాంటి పరికరాల్లో అసలు తలనొప్పి గాలి బుడగ. చల్లగా ఉన్న ద్రవం 37కి వేడెక్కితే కరిగిన గాలి బయటికొస్తుంది. నేల మీదైతే పైకి తేలిపోతుంది. కక్ష్యలో బరువు తెలియదు కాబట్టి ఎటూ పోదు, కాంతి దారిలోనే కూర్చుని రీడింగు పాడుచేస్తుంది. అందుకే ద్రవాల్లోంచి గాలి ముందే తీసేయాలి. పోలికకి నేల మీద నడిపే జంట ప్రయోగంలో చిక్కు వేరు: కణాలు అడుగుకి దిగిపోతాయి. కక్ష్యలో దిగవు, వాటి చుట్టూ తిండి కూడా వ్యాపనం (ద్రవంలో దానంతటదే నెమ్మదిగా పాకడం) వల్లే అందుతుంది.

ఆర్‌పీఓఎస్ లేని రకం అక్కడా మందుకి తేలిగ్గానే లొంగింది. అంటే ఆ జన్యువునీ దాని కింద నడిచే వ్యవస్థనీ గురిపెట్టే మందులు అంతరిక్షంలోనూ పనికిరావచ్చు.

ఒక్క జాగ్రత్త. రంగు కొలిచేది జీవక్రియని, చావుని కాదు. మందకొడిగా ఉన్న కణమూ చచ్చిన కణమూ మొదటి గంటల్లో ఒకేలా కనిపిస్తాయి. పైగా ఎక్కువసేపు వదిలేస్తే గులాబీ కూడా వెలిసి రంగులేనిదైపోతుంది. కాబట్టి చివరి రంగు కన్నా, నీలం ఎంత వేగంగా తగ్గిందో చూడటమే మేలు.