ఫిర్యాదు గడియారం ఎప్పుడు ఆగాలి?

మా రుణ సంస్థలో ఖాతాదారుల ఫిర్యాదుకు నాలుగు పని గంటల్లోగా జవాబు వెళ్లాలి. గడువు దాటినవారెవరో తేల్చే నివేదికను బెంగళూరులోని మా బృందం తయారుచేస్తుంది. ఆ పని నా చేతికి వచ్చేనాటికి నివేదిక మామూలు గంటలనే లెక్కపెడుతోంది. శనివారం సెలవైన వారంలో శుక్రవారం సాయంత్రం వచ్చిన ఫిర్యాదుకు సోమవారం పొద్దున్నే జవాబిచ్చినవారు కూడా ఆలస్యం చేసినవారి కింద చేరిపోయేవారు. జీతాల పెంపు సమయంలో చూసే నివేదిక ఇది. అందుకే దీన్ని సరిచేసి తీరాలనుకున్నాను.

పట్టికల లెక్కలకు వాడే పైథాన్ లైబ్రరీ పాండాస్‌లో బిజినెస్ అవర్ అనే ఆఫ్‌సెట్, అంటే ఒక సమయానికి పని గంటలను కలిపే సాధనం, ఉంది. మనం ఏమీ చెప్పకపోతే సోమవారం నుంచి శుక్రవారం వరకు, ఉదయం 9 నుంచి సాయంత్రం 5 దాకా పని వేళలుగా తీసుకుంటుంది. శుక్రవారం 4:30కి ఒక గంట కలిపితే సోమవారం 9:30 వస్తుంది. అదే శుక్రవారం 4 గంటలకు కలిపితే మాత్రం 5 రాదు, సోమవారం 9 వస్తుంది. గడువు తేదీని ఉత్తరంలో రాసేవారికి ఈ తేడా ముఖ్యం.

మా శాఖల వేళలు 9:30 నుంచి 5:30, మధ్యలో ఒంటిగంట నుంచి రెండు దాకా భోజన విరామం. మొదలు, ముగింపు వేళలను జాబితాలుగా ఇస్తే విరామం లెక్కలోంచి తొలగిపోతుంది. శనివారాలే చాలాసేపు పట్టాయి. బ్యాంకులకు 2015 సెప్టెంబర్ 1 నుంచి ఉన్నట్టే మాకూ రెండో, నాలుగో శనివారాలు సెలవు. పనిదినాలను చెప్పే అమరిక అయిన వీక్‌మాస్క్‌కు వారంలో ఏ రోజు పనిదినమో తెలుస్తుంది కానీ అది నెలలో ఎన్నో శనివారమో తెలియదు. కాబట్టి సెలవులను కూడా మనమే ఇవ్వగల కస్టమ్ బిజినెస్ అవర్ ఆఫ్‌సెట్‌లో ఆరు రోజులూ పనిదినాలుగా ఉంచి, ఆ రెండు శనివారాలను, నెలలో ఎన్నో వారమో చూసే వీక్ ఆఫ్ మంత్ ఆఫ్‌సెట్‌తో ఏడాది మొత్తానికి తీసి సెలవుల్లో కలిపాను. అక్కడ వారాలు సున్నా నుంచి మొదలవుతాయి, రోజులూ అంతే, సోమవారం సున్నా. రెండో శనివారమంటే వారం 1, రోజు 5.

ఇక పండుగలు. "అన్ని శాఖలకూ ఒకటే జాబితా పెట్టేయండి" అన్నారు మా మేనేజర్ గారు. నవంబర్ 1 కన్నడ రాజ్యోత్సవం, బెంగళూరులో సెలవు. హైదరాబాద్ శాఖకు పనిదినమే. 2023 అక్టోబర్ 31, మంగళవారం సాయంత్రం 4 గంటలకు వచ్చిన ఫిర్యాదుకు హైదరాబాద్‌లో గడువు బుధవారం మధ్యాహ్నం 12, బెంగళూరులో గురువారం 12. ఈ రెండు వరసలనూ పక్కపక్కన చూపించాక శాఖకొక క్యాలెండర్‌కు ఆయన ఒప్పుకున్నారు.

సర్వర్‌లో సమయాలు యూటీసీలో, అంటే మన సమయం కన్నా ఐదున్నర గంటలు వెనక ఉండే ప్రపంచ ప్రామాణిక సమయంలో ఉండేవి. రాత్రి 8కి వచ్చిన ఫిర్యాదు అక్కడ మధ్యాహ్నం 2:30గా నమోదవుతుంది. అలాగే వదిలేస్తే ఇంటికి వెళ్లిపోయినవారి మీద గడియారం నడుస్తూనే ఉంటుంది. అందుకే ముందు కోల్‌కతా టైమ్‌జోన్‌కు, అంటే భారత సమయానికి మార్చి, ఆ తర్వాతే గంటలు కలపాలి. ఈ ఆఫ్‌సెట్ ఒక్కో వరసకూ విడిగా లెక్క కడుతుంది కాబట్టి పెద్ద పట్టికల్లో నెమ్మదిస్తుంది. రాత్రిపూట నడిచే నివేదికకు అది ఇబ్బంది కాదు.

సెలవులను ప్రోగ్రాంలో రాయలేదు, శాఖకొక విడి ఫైలులో పెట్టాను. కొత్త ఏడాది జాబితాను ఆ శాఖ సిబ్బందే చూసి సరేనన్నాకే అది లెక్కలోకి వెళుతుంది. పాత నెలల నివేదికలను కూడా ఈ పద్ధతిలో మళ్లీ తీయించి, ఆలస్యం చేయనివారి పేర్లను ఆలస్యం చేసినవారి జాబితాలోంచి తొలగించాం.