ప్లౌ లేన్‌లో ఒక శనివారం: ఊరు దాటిపోయిన జట్టు, ఊరు విడవని జనం

వింబుల్డన్ వెళ్తున్నానంటే లండన్‌లో ఉన్న మనవాళ్లందరూ ఒకటే ప్రశ్న: "ఇప్పుడు టెన్నిస్ ఎక్కడుంది?" టెన్నిస్ కోసం కాదు, అభిమానులే సొంతదారులైన ఏఎఫ్‌సీ వింబుల్డన్ అనే ఫుట్‌బాల్ క్లబ్బు కోసమని చెబితే నమ్మలేదు. ప్లౌ లేన్ స్టేడియానికి దగ్గరి స్టేషన్ హేడన్స్ రోడ్. బ్లాక్‌ఫ్రయర్స్, హెర్న్ హిల్, స్ట్రెతమ్, టూటింగ్ మీదుగా తిరిగే సట్టన్ లూప్ రైలు పట్టుకోవాలి. అది అరగంటకొకటి. లండన్ లాంటి నగరంలో, అంతంత ఛార్జీలు పెట్టాక, మ్యాచ్ రోజున కూడా అరగంట నిలబడాలంటే ఒళ్లు మండుతుంది. అది తప్పిపోతే డిస్ట్రిక్ట్ లైన్‌లో వింబుల్డన్ స్టేషన్‌కి వెళ్లి నడవడమే నయం, ఇరవై నిమిషాల పైచిలుకు. నార్తర్న్ లైన్ వాళ్లు టూటింగ్ బ్రాడ్‌వేలో దిగి కూడా నడుస్తారు. ఆ దారికి ఇంకో లాభం ఉంది, చివర్లో చెబుతాను.

స్టేడియం కంటే ముందు పాత మైదానం చూడాలనుకున్నాను. దొరకదు. ప్లౌ లేన్, డర్న్స్‌ఫర్డ్ రోడ్ కలిసే మూల మీద ఇప్పుడున్నవి అపార్ట్‌మెంట్లు. ఆ సముదాయం పేరు రెనాల్డ్స్ గేట్. 1963 అమెచ్యూర్ కప్ ఫైనల్లో నాలుగు గోల్స్, నాలుగూ తలతోనే కొట్టిన ఎడ్డీ రెనాల్డ్స్ పేరు అది. బ్లాకులకు కూడా క్లబ్బు పాతవాళ్ల పేర్లే పెట్టారు. ఎవరి ఇంటి కిటికీలోంచో ఆరేసిన తువ్వాళ్లు వేలాడుతున్నాయి. 1988లో లివర్‌పూల్‌ని 1-0తో ఓడించి, ఇంగ్లండ్‌లో అతి పెద్ద నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్ ఎత్తుకెళ్లిన పాత వింబుల్డన్ ఎఫ్‌సీ ఆడిన చోటు ఇది. లారీ సాంచెజ్ గోల్ కొట్టాడు, డేవ్ బీసెంట్ జాన్ ఆల్డ్రిడ్జ్ పెనాల్టీ ఆపాడు. వెంబ్లీలో ఎఫ్ఏ కప్ ఫైనల్ పెనాల్టీని ఆపిన మొదటి గోల్‌కీపర్ అతనే. పదకొండేళ్ల ముందు, అంటే 1977 దాకా ఆ క్లబ్బు ఫుట్‌బాల్ లీగ్‌లోనే, అంటే పై నాలుగు అంచెల్లోనే లేదు.

ఆ కప్ గెలిచిన మూడేళ్లకే జట్టుకి మైదానం లేకుండా పోయింది. 1989లో హిల్స్‌బరో స్టేడియంలో జనం నలిగి చనిపోయిన దుర్ఘటన తర్వాత స్టేడియాలకు కొత్త నిబంధనలు వచ్చాయి. పాత ప్లౌ లేన్ వాటికి సరిపోలేదు. 1991లో క్రిస్టల్ ప్యాలెస్ వాళ్ల సెల్హర్స్ట్ పార్క్‌కి అద్దెకు వెళ్లారు. తాత్కాలికమే అన్నారు. ఈలోగా క్లబ్బు చేతులు మారింది, మైదానం స్థలం సూపర్ మార్కెట్ కంపెనీకి అమ్ముడుపోయింది. 2001లో యాజమాన్యం జట్టును 56 మైళ్ల దూరంలోని మిల్టన్ కీన్స్‌కి తరలిస్తామంది. 2002 మే 28న ఫుట్‌బాల్ అసోసియేషన్ (ఎఫ్ఏ) వేసిన ముగ్గురు సభ్యుల కమిషన్ 2-1 తేడాతో సరేనంది. వింబుల్డన్‌లో కొత్త క్లబ్బు మొదలుపెట్టడం ఫుట్‌బాల్ విశాల ప్రయోజనాలకు మంచిది కాదని ఆ తీర్పులో రాశారు. ఆ ముక్క ఇప్పటికీ ఇక్కడివాళ్లకి కంఠోపాఠం.

ఇది చదువుతున్న హైదరాబాద్ వాళ్లకి విడిగా చెప్పనక్కర్లేదు. హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చిలో ఫటోర్డాలో కేరళ బ్లాస్టర్స్‌ని పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచింది. 2025లో ఆ ఫ్రాంచైజీ ఢిల్లీకి వెళ్లి స్పోర్టింగ్ క్లబ్ ఢిల్లీ అయింది. అసలది 2019లో పుణె ఫ్రాంచైజీ మూతపడ్డాక ఆ స్థానంలో మన దగ్గరికి వచ్చిందే. కాబట్టి తీసుకుపోయే అధికారం మొదటి రోజునుంచే కాగితంలో ఉంది. గచ్చిబౌలి స్టాండ్లలో డప్పు కొట్టిన కుర్రాళ్లకి ఆ కాగితంలో ఒక్క గీత కూడా లేదు. 1950 నుంచి 1954 దాకా వరసగా ఐదుసార్లు రోవర్స్ కప్ గెలిచిన సిటీ పోలీస్ జట్టున్న ఊరికి, 1956 ఒలింపిక్స్‌లో దేశాన్ని నాలుగో స్థానంలో నిలబెట్టిన కోచ్ రహీం సాబ్ ఊరికి ఇలా జరిగిందంటే కడుపు మండుతుంది. ఆ మంటతోనే ప్లౌ లేన్ వెళ్లాను.

స్టేడియం పాత మైదానానికి పిలిస్తే పలికేంత దూరంలో ఉంది. ఒకప్పుడు కుక్కల పందేల స్టేడియం ఉన్న స్థలం. తొమ్మిది వేల పైచిలుకు మంది పడతారు. చుట్టూ అపార్ట్‌మెంట్లే, మైదానం వాటి మధ్యలో ఇరికించినట్టుంది. టికెట్ పాతిక పౌండ్ల దాకా. మూడో అంచె ఫుట్‌బాల్‌కి ఇది ఎక్కువే. లోపల టీ, మాంసం పై కలిపి ఇచ్చిన డబ్బుతో మన దగ్గర నలుగురు కూర్చుని బిర్యానీ తినొచ్చు. పై వేడిగా ఉంది, అంతకుమించి చెప్పడానికేం లేదు.

నన్ను కట్టిపడేసింది మ్యాచ్ కాదు. గేటు దగ్గర ఒక మడత బల్ల, దాని వెనక జట్టు మఫ్లర్ వేసుకున్న పెద్దాయన. క్లబ్బును నడిపే అభిమానుల సంఘం డాన్స్ ట్రస్ట్‌కి సభ్యత్వాలు చూసే వలంటీరు. "మీది ఏ ఊరు సార్?" అని అడిగాడు. హైదరాబాద్ అన్నాను. మా జట్టు సంగతి రెండు మాటల్లో చెప్పాను. ఆయన జాలి చూపించలేదు. "ట్రస్ట్ రిజిస్టర్ చేశారా?" అన్నాడు. లేదన్నాను. ఆ తర్వాత మ్యాచ్ మొదలయ్యేదాకా ఆయన చెప్పడం, నేను రాసుకోవడం.

ఆయన చెప్పినదాన్ని, నేను ముందే చదివినదాన్ని కలిపి వరసగా పెడుతున్నాను. ఇక్కడ అభిమానుల ట్రస్ట్ అంటే ఫ్యాన్ క్లబ్ కాదు, సహకార చట్టం కింద నమోదైన సంఘం. కనీసం ముగ్గురు సభ్యులుంటే అక్కడి ఆర్థిక నియంత్రణ సంస్థ ఫైనాన్షియల్ కండక్ట్ అథారిటీ దగ్గర రిజిస్టర్ చేయొచ్చు. నియమావళి మొదటి నుంచి రాసుకోనక్కర్లేదు, తయారు నమూనా ఉంది. ఈ పద్ధతికి నాంది 1992లో నార్తాంప్టన్ టౌన్ అభిమానులు పెట్టిన ట్రస్ట్. దాన్ని నడిపిన బ్రయన్ లోమాక్స్ తర్వాత 2000లో వచ్చిన సపోర్టర్స్ డైరెక్ట్ సంస్థకు మొదటి సారథి అయ్యాడు. ఊరూరా ఇలాంటి ట్రస్టులు లేవడానికి ఆ సంస్థ ఇచ్చిన నమూనా, సలహాలే కారణం. లాభం సభ్యులకు పంచకూడదు. ఏటా లెక్కలు చూపాలి, సర్వసభ్య సమావేశం పెట్టాలి. అన్నిటికంటే ముఖ్యం: ఒక మనిషికి ఒక ఓటు. వంద పౌండ్లు పెట్టినా, లక్ష పెట్టినా ఒకటే. మన పాల సంఘంలో రెండు గేదెలున్నవాడికీ, ఇరవై ఉన్నవాడికీ ఒకే ఓటు ఉన్నట్టు. క్లబ్బు కంపెనీలో మెజారిటీ ఈ ట్రస్ట్‌ది. సభ్యులు ట్రస్ట్ బోర్డును ఎన్నుకుంటారు. మెజారిటీ వాటా అమ్మడం లాంటి పెద్ద నిర్ణయానికి బోర్డు ఒక్కటే చాలదు, సభ్యుల ముందు పెట్టాలి.

మనవాళ్లు సాధారణంగా ఇక్కడే పొరబడతారు: ఓటుతో జట్టును ఎంపిక చేయరు. ఎవర్ని ఆడించాలో మేనేజర్ ఇష్టం. రోజువారీ పనికి జీతం తీసుకునే ఉద్యోగులున్నారు. సభ్యుల చేతిలో ఉన్నది బడ్జెట్‌కి హద్దు, బోర్డు మీద అజమాయిషీ, క్లబ్బు ఎవరిదన్న ప్రశ్న. ఈ గీత చెరిపేస్తే సంఘం వారానికోసారి కోచ్ మీద పంచాయితీ పెట్టే రచ్చబండ అవుతుంది.

2002లో వీళ్ల పని ఎంత వేగంగా సాగిందంటే, కమిషన్ తీర్పు మే 28న వస్తే రెండు రోజుల్లో ఏఎఫ్‌సీ వింబుల్డన్ పేరుతో కొత్త క్లబ్బు ప్రకటించారు. క్రిస్ స్టూవర్ట్, మార్క్ జోన్స్, ట్రెవర్ విలియమ్స్, ఐవర్ హెలర్ ముందు నిలబడ్డారు. జూన్ చివర్లో వింబుల్డన్ కామన్ మైదానంలో ఎవరైనా రావొచ్చని సెలెక్షన్లు పెడితే 230 మంది వచ్చారు. జూలై 10న సట్టన్ యునైటెడ్‌తో మొదటి మ్యాచ్, 4-0తో ఓడిపోయారు. చూడ్డానికి వచ్చింది 4,657 మంది. అది ఆకాశంలోంచి ఊడిపడ్డ వేగం కాదు. అప్పటికి ఏళ్ల తరబడి స్వతంత్ర అభిమానుల సంఘం ఒకటి పనిచేస్తోంది. సభ్యుల చిరునామాలు, చందా వసూలు చేసేవాళ్లు, కరపత్రాలు రాసేవాళ్లు, లాయర్లు, లెక్కలవాళ్లు ముందే చేతిలో ఉన్నారు. తీర్పు వచ్చాక సంఘం పెడదామనుకుని ఉంటే ఆ సీజన్ చేజారేది.

రెండో ఆయుధం బహిష్కరణ. పాత జట్టు సెల్హర్స్ట్ పార్క్‌లో ఆడుతూనే ఉంది, అభిమానులు వెళ్లడం మానేశారు. 2002 అక్టోబర్‌లో రోథరమ్‌తో లీగ్ మ్యాచ్‌కి వచ్చింది 849 మంది. తొమ్మిదో అంచెలో ఆడే కొత్త క్లబ్బుకేమో వేలల్లో వచ్చేవారు. 2003లో పాత క్లబ్బు దివాలా ప్రక్రియలోకి వెళ్లి, ఆ సెప్టెంబరులో మిల్టన్ కీన్స్ చేరి, మరుసటి ఏడాది పేరు మార్చుకుంది. అక్కడితో వదల్లేదు. ఇతర ఊళ్ల అభిమాన సంఘాల ఒత్తిడి కూడగట్టి, 2007లో ఎఫ్ఏ కప్ ప్రతిరూపంతో సహా పాత ట్రోఫీలు వింబుల్డన్ ప్రాంతపు స్థానిక సంస్థ మెర్టన్ కౌన్సిల్ చేతికి వచ్చేలా చేశారు. ఈ పట్టుదల నాకు మ్యాచ్ గెలవడం కంటే గొప్పగా కనిపించింది.

గెలుపులు కూడా వచ్చాయి. 2011లో లూటన్‌ని పెనాల్టీల్లో ఓడించి, పుట్టిన తొమ్మిదేళ్లకే లీగ్‌లోకి అడుగుపెట్టారు. 2016లో మూడో అంచె లీగ్ వన్‌కి, 2022లో కిందికి, 2025 మేలో వెంబ్లీలో వాల్సాల్ మీద గెలిచి మళ్లీ పైకి.

డబ్బు దగ్గరే అసలు కష్టం. ప్లౌ లేన్‌కి తిరిగి రావడానికి కింగ్‌స్టన్‌లోని తమ కింగ్స్‌మెడో మైదానాన్ని చెల్సీకి అమ్ముకున్నారు. అయినా 2019 చివరికి కోట్ల లోటు. బయటి పెట్టుబడి తెచ్చుకుంటే మెజారిటీ పోతుందేమోనన్న భయం. అప్పుడు అభిమానుల్లోంచే కొందరు బాండ్ పథకం పట్టుకొచ్చారు. వడ్డీ సున్నా నుంచి 4 శాతం మధ్య ఎంత కావాలో పెట్టినవాళ్లే ఎంచుకోవచ్చు. 2020 మొదట్లో 50 లక్షల పౌండ్లు దాటి వచ్చాయి. అంతకుముందు ఆన్‌లైన్‌లో చిన్న వాటాలు అమ్మి 20 లక్షలకు పైగా తెచ్చారు. 2020 నవంబర్ 3న డాంకాస్టర్‌తో మొదటి మ్యాచ్, 2-2. కోవిడ్ వల్ల లోపల ప్రేక్షకులు లేరు. డబ్బిచ్చినవాళ్లు ఇళ్లలో టీవీ ముందు కూర్చుని చూడాల్సి వచ్చింది.

బాండ్ అంటే విరాళం కాదు, అప్పు. గడువు తీరినప్పుడు తిరిగి ఇవ్వాలి, లేదా కొనసాగించమని పెట్టినవాళ్లని అడగాలి. మనవాళ్లు ఎవరైనా ఇలాంటిది చేస్తే ముందు రాసుకోవాల్సింది వసూళ్ల లెక్క కాదు, తిరిగి చెల్లించే ఏళ్ల పట్టిక. 2024 సెప్టెంబర్‌లో భారీ వానకి వాండిల్ నది పొంగి మైదానంలో పెద్ద గొయ్యి పడింది. ఇక్కడ జరగాల్సిన న్యూకాజిల్ కప్ మ్యాచ్‌ని న్యూకాజిల్‌కే మార్చాల్సి వచ్చింది. విరాళాలు లక్ష పౌండ్లు దాటాయి, కానీ ప్రతిసారీ జనమే జేబులు తడుముకోవాలంటే ఎన్నాళ్లు? పోర్ట్స్‌మత్‌లో ఆ ప్రశ్నకి వేరే జవాబు వచ్చింది. 2013లో వెయ్యి పౌండ్ల వాటాలు కొని అభిమానులు క్లబ్బును కాపాడారు. మైదానం మరమ్మతులకి కావాల్సిన డబ్బు చూసి 2017లో ఓటు వేసి మరీ డిస్నీ మాజీ అధిపతి మైకేల్ ఐస్నర్‌కి అమ్మేశారు. అది ఓటమని నేననుకోను. అడిగి, ఓటేయించి అమ్మడం వేరు, పేపర్లో చూసి తెలుసుకోవడం వేరు.

ఇంకో బలహీనత పెద్దాయన దాచకుండా చెప్పాడు. ఆపద ఉన్నప్పుడు సభ్యత్వాలు పెరుగుతాయి, జట్టు గెలుస్తుంటే రెన్యువల్స్ మర్చిపోతారు. బోర్డుకి పోటీ చేసేవాళ్లు కరువు. ఉద్యోగం అయ్యాక రాత్రిళ్లు లెక్కలు చూసే వలంటీర్లు రెండు మూడేళ్లకే అలిసిపోతారు. అందుకే ఈ బల్ల ప్రతి మ్యాచ్‌కీ వేస్తారట.

ఇప్పుడు అక్కడ చట్టం కూడా వచ్చింది. 2025 జూలైలో ఆమోదం పొందిన ఫుట్‌బాల్ గవర్నెన్స్ చట్టం ప్రకారం స్వతంత్ర నియంత్రణ సంస్థ అనుమతి లేకుండా క్లబ్బు తన మైదానం వదిలి వెళ్లలేదు. క్లబ్బు చిహ్నం, రంగుల విషయంలో అభిమానుల మాట వినాలి. 2002లో ఇది ఉంటే వింబుల్డన్ కథే వేరు.

మ్యాచ్ అయ్యాక హేడన్స్ రోడ్ ప్లాట్‌ఫాం కిక్కిరిసింది. అరగంట రైలుని నమ్ముకోకుండా టూటింగ్ వైపు నడిచాను. అప్పర్ టూటింగ్ రోడ్ మీద తమిళుల, శ్రీలంక వాళ్ల హోటళ్లు వరసగా ఉంటాయి. మసాలా దోశ ధర చూసి మళ్లీ గొణిగాను గానీ సాంబారు బాగుంది. అక్కడే కూర్చుని పెద్దాయన చెప్పిన వరసని మన చట్టాలకి అన్వయించి చూశాను. మన సొసైటీల చట్టం 2001 కింద ఏడుగురుంటే సంఘం రిజిస్టరవుతుంది. ఐఎస్ఎల్ ఫ్రాంచైజీలో వాటా అడిగినా ఇప్పట్లో ఇవ్వరు. కానీ జిల్లా, రాష్ట్ర లీగుల్లో ఆడే క్లబ్బుకి అంత డబ్బు అక్కర్లేదు, పేరూ రంగులూ సంఘం పేరున రిజిస్టర్ చేసుకోవచ్చు. వింబుల్డన్ వాళ్లు మొదలుపెట్టింది కూడా తొమ్మిదో అంచెలోనే. గచ్చిబౌలి స్టాండ్లలో కలిసి అరిచినవాళ్ల ఫోన్ నంబర్లు ఎవరి దగ్గరైనా ఇంకా ఉంటే ముందు ఆ జాబితా ఒకచోట చేర్చాలి. ఆరునెలలు ఆలస్యమైతే సగం నంబర్లు పనిచేయవు.