రామేశ్వరం, 22 బావులు, అమ్మ మొక్కు

మొన్న ఆదివారమే రామేశ్వరం నుంచి వచ్చాం, అమ్మకి జలుబు ఇంకా తగ్గలేదు. ఇది అమ్మ మొక్కు. 2014లో గట్టు తగాదాలో పక్క పొలం వాడు మా నాన్నని గడ్డపారతో కొట్టి చంపాడు. వాడికి శిక్ష ఖాయమైతే 22 తీర్థాల్లో స్నానం చేస్తానని అప్పుడే మొక్కుకుంది. కింది కోర్టు యావజ్జీవం వేస్తే అప్పీలుకెళ్ళాడు, ఈమధ్యే హైకోర్టు కూడా అదే ఖాయం చేసింది. అమ్మకైతే ఉరి పడాలనే ఉండేది. అరుదైన వాటిల్లోకెల్లా అరుదైన కేసైతేనే ఉరమ్మా అని లాయరు గారంటే, మీ నాన్న ప్రాణం అంత మామూలుదా అని ఆ రోజు అన్నం ముట్టలేదు.

నిజానికి ఉరికి భయపడి ఎవరైనా ఆగుతారా అంటే నాకు నమ్మకం లేదు. మా వైపు చిలకలూరిపేట బస్సు కేసు తెలియని వాళ్ళుండరు, 1993లో దోపిడీకొచ్చి బస్సుకి నిప్పుపెడితే 23 మంది కాలిపోయారు, ఇద్దరికి ఉరి పడింది, 1998లో రాష్ట్రపతి దాన్ని యావజ్జీవంగా మార్చారు. ఆ కబుర్లన్నీ వింటూ పెరిగినవాడే వీడూను. గడ్డపార ఎత్తేటప్పుడు ఏం గుర్తొచ్చింది? తాగున్నాడు, అంతే.

సరే, తెల్లారుజామున అగ్నితీర్థం. సముద్రంలో నిలబెట్టి పంతులుగారు సంకల్పం చెప్తున్నారు, బ్రహ్మహత్యాది దోషాలు పోవాలని. అమ్మ ఒక్కసారి ఆగి నా వైపు తిరిగి "చంపినోడు చెయ్యాల్సిన స్నానం కదరా ఇది, నేను చేస్తున్నానేంటి" అంది. నాకు నోట మాట రాలేదు.

గుళ్ళో టికెట్ 25 రూపాయలే గానీ ఆ తోపులాట చెప్పలేను, ఫోన్లు పట్టుకుని వీడియోలు, వెనకనుంచి మోచేతులు, నేలంతా జారుడు. ఏడో బావో ఎనిమిదో బావో, అమ్మ కాలు జారింది. నేను జనం అవతల ఇరుక్కుపోయా. ఎవరో తమిళావిడ, అమ్మ కంటే పెద్దదే, గబుక్కున రెక్క పట్టుకుని నిలబెట్టింది. ఇక అక్కడ్నుంచి చివరిదాకా ఆ చెయ్యి వదల్లేదు. ఆవిడకి తెలుగు రాదు, అమ్మకి తమిళం రాదు. బావి గట్టు మీద బకెట్ అతను ధబాల్న పోస్తుంటే ఆవిడే అరిచి మెల్లగా పోయించేది, అమ్మ వణుకుతుంటే తన కొంగుతోనే మొహం తుడిచేది, ఆ కొంగూ తడిసిందే పాపం. చివరి బావి కోటితీర్థం, అదయ్యాక చూస్తే జనంలో కలిసిపోయింది, దణ్ణం పెట్టే టైం కూడా లేదు.

కంసుణ్ణి చంపిన పాపం కృష్ణుడు కడుక్కుంది ఆ కోటితీర్థంలోనేనట. రాముడి సంగతి సరేసరి. రాజు దండిస్తే పాపి నిర్మలుడై స్వర్గానికి పోతాడని వాలితో చెప్పింది ఆ రాముడే కదా, మరి రావణుణ్ణి దండించి తానెందుకు ఇక్కడ లింగం పెట్టి పూజ చేసుకున్నట్టు? వాలికి చెప్పినదాని ప్రకారమైతే మా నాన్నని చంపినవాడు జైల్లోంచి కడిగిన ముత్యంలా వస్తాడు. ఈ మాట అమ్మతో అనలేదు, అంటే ఊరుకోదు.

పొడిబట్టలు మార్చుకుని దర్శనానికెళ్ళాం. రెండున్నర గంటలు లైన్లో, లోపల మూడంటే మూడు సెకన్లు. హారతి వెలుగులో సీతమ్మ చేసిన లింగం, మీద మారేడు దళాలు, అంతే, తోసేశారు. ఏం అడిగావమ్మా అంటే "ఏం అడగలా, వాడి మొహం గుర్తురాలేదురా, పదకొండేళ్ళలో ఇదే మొదలు" అంది.

వచ్చేటప్పుడు రూమాల్లో ఇసక మూటకట్టుకుంది, కాశీ తీసుకెళ్ళి గంగలో కలపాలిగా. ఆ మూట ఇప్పుడు టీవీ పక్కనుంది. ఈసారి వీడియోల వాళ్ళు లేని నెల చూసి టికెట్లు తియ్యమంటోంది, ఆ నెల ఏదో మీకెవరికైనా తెలిస్తే చెప్పండి.