మేడ మీద నాచు: ఏడాది లెక్క

మాది ఒడిశాలోని పర్లాకిమిడి, పాతపట్నం వెళ్లే దారి వైపు ఇల్లు. మేడ మీద పడమటి పిట్టగోడ వెంట పద్నాలుగు అడుగుల పొడవున నాచు పరుపులా అల్లుకోవాలని ఎన్నాళ్ల నుంచో నా కోరిక. నాచు అంటే నీళ్లలో పట్టేది కాదు, గడ్డి గులాబీ అనీ టేబుల్ రోజ్ అనీ అంటారే, సూదుల్లా గుండ్రటి ఆకులుండి ఎండెక్కితే విచ్చుకునే పువ్వుల మొక్క, అది. మా చెల్లెలు బల్లార్షాలో ఉంటుంది, అక్కడ మరాఠీవాళ్లు దీన్ని ఆఫీస్ టైమ్ అంటారట. పేరు బాగా కుదిరింది, మా మేడ మీద కూడా తొమ్మిది దాటితేగానీ విచ్చుకోదు, మూడింటికల్లా ముడుచుకుపోతుంది. ఒక పువ్వు ఆయుష్షు ఆ ఒక్క పూటే, మర్నాడు పూసేది వేరే మొగ్గ.

మా అమ్మ దగ్గర రాణీ రంగు ఒంటిరేక నాచు ఉండేది. 2018 అక్టోబరులో తిత్లీ తుపానుకి మేడ మీద కుండీ ఒక్కటీ మిగల్లేదు, మొక్కలతో పాటు మట్టి కూడా కొట్టుకుపోయింది. మరుసటి వేసవిలో మెట్ల పక్కన రాళ్ల సందులో రెండు మొలకలు లేచాయి, ఎప్పుడో రాలిన గింజలవి. ఇప్పుడు నా దగ్గరున్న రాణీ రంగంతా వాటి సంతానమే, అందుకే ఆ రంగు పోనివ్వకూడదని నాకంత పట్టుదల. అయినా ప్రతి వానాకాలం సగానికి పైగా కుళ్లిపోతూనే వచ్చింది. పోయిన ఏడు ఒక్కటంటే ఒక్క టబ్బు మిగిలింది. అప్పుడే నోటుపుస్తకం పెట్టుకుని తేదీలు రాయడం మొదలుపెట్టాను.

ఫిబ్రవరి 9. ఆ మిగిలిన టబ్బు తల్లి మొక్కగా కొమ్మలు కోశాను. మొక్క మధ్యంతా బోడిగా, కాడలు ముదిరి గోధుమ రంగుకి తిరిగి ఉన్నాయి, ఆకులు కొసల్లోనే. ముదురు కాడ కూడా నాటుకుంటుంది కానీ ఆలస్యం, అందుకని లేత కొసలు, ఒక్కోటి వేలెడంత, అంటే మూడు నాలుగు అంగుళాలు. మొగ్గలుంటే గిల్లేశాను, వాటిని ఉంచితే కొమ్మ బలమంతా పువ్వుకే పోతుంది. అడుగున అంగుళం మేర ఆకులు దులిపేసి పేపరు మీద పరిచి నీడన సాయంత్రం దాకా వదిలేశాను. కోసిన చోట తడి ఆరి పొర కడితే కుళ్లు తక్కువ. పక్కింటి మావుసీ (అంటే పిన్ని) ప్రేమగా పసుపు ముద్ద నాచు కొమ్మలు తడిగుడ్డలో చుట్టి ఇచ్చారు, నేను వాటిని ఆ గుడ్డతోనే రెండు రోజులు ఉంచేశాను, విప్పేసరికి సగం జిగురుగా అయిపోయాయి. ఎవరైనా నాచు ఇస్తే పొడి కాగితంలో చుట్టి తెచ్చుకోండి, మూడు నాలుగు రోజులైనా ఏమీ కాదు.

మట్టి దగ్గర ఈసారి పరీక్ష పెట్టాను. ఒక టబ్బులో పెరట్లో మట్టి ఉన్నది ఉన్నట్టు. రెండో దాంట్లో ఎర్రమట్టి రెండు పాళ్లు, నది ఇసుక రెండు పాళ్లు, బాగా మాగిన పశువుల గత్తం, అంటే పేడ ఎరువు, ఒక పాలు. రెండింట్లో ముప్పై ముప్పై కొమ్మలు, నాలుగేసి అంగుళాల ఎడంతో గుచ్చాను. పుల్లతో చిన్న కన్నం చేసి అందులో పెట్టాలి, కొమ్మనే గుచ్చితే మొన నలుగుతుంది. గుచ్చిన రోజు నీళ్లు పోయలేదు, మూడో రోజు కొంచెం చిలకరించాను. ఫిబ్రవరి 24న చూస్తే ఇసుక కలిపిన దాంట్లో 27 పట్టాయి, పెరటి మట్టిలో 14. పట్టిందో లేదో తెలుసుకోవడానికి పీకి చూడక్కర్లేదు, కొసన కొత్త ఆకులు లేతపచ్చగా వస్తే వేళ్లు పడ్డట్టే.

ఇసుక ఎందుకంత పనిచేసిందో ఈ మొక్క పుట్టిల్లు తెలిశాక అర్థమైంది. దక్షిణ అమెరికాలో బ్రెజిల్ దక్షిణ భాగం, ఉరుగ్వే, అర్జెంటీనా దీని సొంత నేల, నీరు నిలవని ఇసుక నేలల్లో పెరిగేది. పోర్చులాకా గ్రాండిఫ్లోరా అన్న శాస్త్రీయ నామం 1829లో హుకర్ అనే ఇంగ్లండు వృక్షశాస్త్రవేత్త పెట్టారు. మనం పప్పులో వేసుకునే గంగవల్లి కూర కూడా ఇదే పోర్చులాకా కుటుంబం. నా టబ్బుల్లో గంగవల్లి దానంతటదే మొలుస్తుంది, చిన్నప్పుడు రెండూ ఒకేలా ఉంటాయి. కాస్త పెరిగాక గంగవల్లి ఆకు వెడల్పుగా బల్లపరుపుగా అవుతుంది, నాచుకైతే ఆకు మొదట్లో తెల్లటి నూగు కుచ్చులా కనబడుతుంది. గంగవల్లిని ఉంచితే వారంలో టబ్బంతా ఆక్రమిస్తుంది, చూడగానే తీసెయ్యండి. మందు కొట్టిన టబ్బులోదైతే మాత్రం వండుకోవద్దు.

మార్చి 3. మొదటి చివుళ్లు తుంచాను. నాచు పరుపులా రావడానికి అసలు పని ఇదే. తుంచకపోతే ఒక్క కాడ జానెడు సాగి వేలాడిపోతుంది, తుంచితే కింద నుంచి మూడు నాలుగు కొమ్మలు చీలతాయి. తుంచిన ముక్కలన్నీ మళ్లీ గుచ్చాను, ఏప్రిల్ నెలాఖరుకి 41 ఉన్నవి 110 దాటాయి. చేతికొచ్చిన మొగ్గలు తుంచడానికి మనసొప్పదు, నాకూ ఒప్పలేదు, కానీ రెండుసార్లు తుంచిన ట్రేకీ తుంచని ట్రేకీ మే నెలలో తేడా చూస్తే మట్టి కనబడని ట్రే ఏదో దూరం నుంచే చెప్పొచ్చు. లోతు కుండీలు దండగ, నాలుగైదు అంగుళాల మట్టి చాలు. పళ్ల దుకాణంలో పాత ప్లాస్టిక్ ట్రేలు తెచ్చి అడుగున బియ్యం సంచి ముక్క పరిచి నింపాను.

మార్చి 20 ప్రాంతంలో ఒక ట్రేకి గుప్పెడు డీఏపీ రసాయన ఎరువు వేశాను, తొందరగా అల్లుకుంటుందని. అల్లుకుంది, ఆకులు బొద్దుగా, పువ్వులు లేవు, కాడలు మెత్తబడి ఎత్తుగా లేచి పడిపోయాయి. మిగతా ట్రేలకి రెండు నెలలకోసారి గుప్పెడు మాగిన గత్తం తప్ప ఇంకేమీ వెయ్యలేదు, అవే బాగా పూశాయి.

ఏప్రిల్, మే. రాసేది తక్కువ, చూసేది ఎక్కువ. ఎండ ఎంత ముదిరితే పువ్వు అంత. నీళ్లు రెండు రోజులకోసారి, అదీ ఆకు నొక్కి చూసి. గట్టిగా ఉంటే పోయను, కాస్త మెత్తబడి ముడత కనబడితే సాయంత్రం పోస్తాను. ఈ మొక్క మామూలుగా మొక్కజొన్నలా ఎండని వాడుకుంటుంది, నీరు కరువైతే ఇంకో దారి కూడా ఉంది దీనికి, రాత్రిపూట ఆకు రంధ్రాలు తెరిచి బొగ్గుపులుసు వాయువు (కార్బన్ డయాక్సైడ్) పట్టి దాచుకుని తెల్లవారాక వాడుకుంటుంది. అందుకే నాలుగు రోజులు ఊరెళ్లొచ్చినా బతికే ఉంటుంది. పది గంటల వేళ ఒంటిరేక పువ్వు మధ్యలో చీపురుపుల్లతో మెల్లగా తాకి చూడండి, పసుపు కేసరాలు అలా ఒక పక్కకి వాలతాయి. తేనెటీగ వాలినప్పుడు కూడా అదే జరుగుతుంది, దాని ఒంటికి పుప్పొడి అంటుకుంటుంది. మా మనవరాలికి ఇది చూపించాక రోజూ పొద్దున్నే మేడ ఎక్కుతోంది.

జూన్ 10. గింజలు పట్టడం. పువ్వు వాడి రాలాక కింద మిరియపు గింజంత కాయ మిగులుతుంది, పచ్చగా ఉన్నప్పుడు తొందరపడకూడదు. గడ్డిరంగుకి వచ్చాక గోటితో కాస్త కదిపితే పైభాగం చుట్టూ చీలి టోపీలా ఊడి వస్తుంది, లోపల గిన్నె నిండా ఇనుప రంగులో మెరుస్తూ గింజలు. గాలి తగిలినా పోతాయి, అందుకే కింద తెల్ల కాగితం పట్టుకుని తీస్తాను. గ్రాముకి దాదాపు పదివేల గింజలు తూగుతాయి. ముద్ద నాచులో కేసరాలే రేకులుగా మారతాయి, గింజ తక్కువ పడుతుంది, దాన్ని కొమ్మతోనే పెంచుకోవాలి. పైగా గింజతో వేస్తే తల్లి రంగే వస్తుందన్న నమ్మకం లేదు, అమ్మ రాణీ రంగుని నేను కొమ్మతోనే కాపాడుకుంటున్నాను.

జూన్ 28. ఈ ఏడు నేను చేసిన పెద్ద మార్పు ఇది. వానలు పట్టకముందే ప్రతి రంగులోంచి ఆరేసి కొమ్మలు కొత్తగా చిన్న డబ్బాల్లో నాటి, మెట్ల గది చూరు కింద ఎండ పడే చోట ఇటుకల మీద పెట్టాను. పైన పారదర్శక ప్లాస్టిక్ షీటు, పక్కలు మాత్రం తెరిచి, గాలాడకపోతే అక్కడా కుళ్లే. నీళ్లు పదిరోజులకోసారి, ఒక చెంచా.

జులై నుంచి సెప్టెంబరు. మేడ మీద బయటున్న వాటిలో మూడో వంతు పోయింది. ముందు కాడ మొదట్లో నీళ్లు పట్టినట్టు మసకబారుతుంది, రెండో రోజుకి నల్లగా మెత్తబడి చేతికి ఊడొస్తుంది. అలాంటి కొమ్మ కనబడగానే పైన గట్టిగా ఉన్న భాగం కోసి ఆరబెట్టి చూరు కింద నాటాను, చాలా వరకు బతికాయి. ట్రేలని ఒక వైపు ఇటుక ముక్క పెట్టి వాలుగా ఉంచడం కూడా కలిసొచ్చింది, నీరు నిలవలేదు. రాత్రిళ్లు టార్చి పట్టుకుని నత్తలు ఏరేదాన్ని. చూరు కింద రెండు డబ్బాలకి పిండినల్లి పట్టింది, కణుపుల్లో దూదిలా. లీటరు నీళ్లకి అయిదు మిల్లీలీటర్ల వేపనూనె, కలవడానికి కాస్త కుంకుడు రసం, సాయంత్రం పూట కొట్టాను, వారానికోసారి చొప్పున మూడు వారాలు. ఎండలో కొడితే ఆకు మాడుతుంది.

అక్టోబరు 22. మిగిలినవన్నీ రెండంగుళాలకి కత్తిరించేశాను. చూస్తే జాలేసింది కానీ ఇరవై రోజుల్లో ప్రతి మోడు నుంచీ చిగుళ్లు. చూరు కింద డబ్బాలు కూడా బయటికొచ్చాయి, ఆరు రంగుల్లో ఒక్కటి కూడా పోలేదు.

డిసెంబరు, జనవరి చలిలో ఎదుగుదల లేదు, పువ్వులు చిన్నవి, పదకొండు దాటితేగానీ తెరవవు. నీళ్లు బాగా తగ్గించి వదిలేశాను.

ఫిబ్రవరి 12. నిన్న గింజలు చల్లాను. పైన మట్టి కప్పకూడదు, వెలుతురు తగిలితేనే మొలుస్తాయి, ఇసుకలో కలిపి చల్లి అరచేత్తో అదిమి స్ప్రేతో తడిపితే చాలు, మంచి వెచ్చదనం ఉంటే వారం పదిరోజుల్లో మొలక. పిట్టగోడ వెంట పదకొండు అడుగులు నిండింది, ఇంకా మూడు అడుగులు ఖాళీ. అక్కడ మావుసీ ఇచ్చిన పసుపు ముద్దది పెడదామనుకుంటున్నాను, కుళ్లకుండా మిగిలిన ఆ నాలుగు కొమ్మలే ఇప్పుడు రెండు ట్రేలయ్యాయి. ఈ పొద్దున మావుసీకి రాణీ రంగు కొమ్మలు పది ఇచ్చాను, పొడి కాగితంలో చుట్టి.